వంటింట్లో సింగిల్ మాల్ట్

మా ఆయన ముక్కుకి ఢిల్లీ తెలుగువాళ్ళలో ఒకప్పుడు గొప్ప పేరుండేది. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, అది స్కాట్లాండ్‌లో ఏ మూల కాచిన విస్కీనో, ఎలాంటి పీపాలో మగ్గిందో చెప్పేస్తాడని అనుకునేవారు. చెప్పేవాడు కూడా. కాకపోతే ఆ చెప్పేదంతా నాది. ఆయనకి ఇంగువకీ వెల్లుల్లికీ తేడా తెలీదు. ఒకసారి వంటింట్లో గ్యాస్ లీకవుతుంటే పక్క గదిలో కూర్చుని తాపీగా పేపరు చదువుకున్న మనిషి. ఇది కోపంతో అంటున్న మాటే గానీ అబద్ధం కాదు.

నా ఉద్యోగమే ముక్కుతో. ఫరీదాబాద్‌లో ఒక ఫ్లేవర్ల కంపెనీలో పనిచేసేదాన్ని. బిస్కెట్లలో యాలకుల వాసన, టూత్‌పేస్టులో లవంగం వాసన, పాన్ మసాలాలో గులాబీ వాసన ఎక్కడో ఒకచోట తయారవ్వాలి కదా, అలాంటి చోటు. కెమిస్ట్రీ చదువుకుని అక్కడ చేరాను. కొన్నాళ్ళకి వాసనలు చూసే ప్యానెల్‌లో వేశారు. అక్కడ ఒక్కొక్కరికీ ఒక చిన్న గూడు, మధ్యలో అడ్డు. పక్కవాళ్ళ మొహం కూడా కనపడకూడదు. ప్రతి ఒక్కరూ తమ మాట చెప్పేదాకా ఎవరూ గొంతు విప్పకూడదు, మేనేజరైనా సరే. ఎందుకంటే ముందు ఒకడు "నిమ్మకాయ" అన్నాడంటే ఇక మిగతా అందరికీ నిమ్మకాయ వాసనే వస్తుంది. మనిషి ముక్కు అంత పిరికిది.

ఆ పని కోసం నేను వదులుకున్నవి తక్కువేం కాదు. తలలో పూలు పెట్టను. వాసన సబ్బు రాయను. పొద్దున్నే కాఫీ ముట్టను. ఆవకాయ ఆదివారానికే. మా అత్తగారు ఊరినుంచి వచ్చినప్పుడు ఇదంతా చూసి, "ఇదేం ఉద్యోగమే తల్లీ, పోలీసు కుక్క చేసే పని," అంది. నవ్వేసి ఊరుకున్నాను. ఆవిడ మీద నాకు కోపం లేదు. ఆవిడకి తెలీదు, తెలిసినట్టు నటించనూ లేదు.

మా ఆయన కేంద్ర ప్రభుత్వంలో ఆఫీసరు. సౌత్ ఢిల్లీలో సర్కారు క్వార్టర్సులో ఉండేవాళ్ళం. రెండువేల నాలుగో అయిదో, ఆ రోజుల్లోనే మా ఆఫీసర్లందరికీ ఒక్కసారిగా సింగిల్ మాల్ట్ పిచ్చి పట్టుకుంది. అంతకుముందూ తాగేవాళ్ళు తాగేవాళ్ళే, సోడా పోసుకుని, పల్లీలు నంజుకుని, చప్పుడు చేయకుండా. ఫారిన్ ట్రిప్పులు పెరిగి, డ్యూటీ ఫ్రీ షాపుల నుంచి సీసాలు రావడం మొదలయ్యాక తాగడం కాస్తా టేస్టింగ్ అయింది. ఒకే బట్టీలో, మొలకెత్తించిన బార్లీ తప్ప ఇంకో గింజ కలపకుండా కాచి, ఏళ్ళ తరబడి చెక్క పీపాల్లో మగ్గబెట్టినదాన్ని సింగిల్ మాల్ట్ అంటారు. ఒక బట్టీ సరుకుకీ ఇంకో బట్టీ సరుకుకీ పోలికుండదు. ఆదివారం మధ్యాహ్నం ఎవరో ఒకరింట్లో చేరి, రెండు మూడు సీసాలు పక్కపక్కన పెట్టుకుని, దీనికీ దానికీ తేడా ఏంటని వాదించుకునేవారు. మగవాళ్ళు హాల్లో. ఆడవాళ్ళు, పిల్లలు బెడ్రూములో టీవీ ముందు. మా ఇంట్లో అయితే నేను వంటింట్లో, బజ్జీల మూకుడు ముందు.

మొదటిసారి సింకులోకి వచ్చిన గ్లాసుల్ని కడగబోయే ముందు అలవాటు కొద్దీ ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఒకదాంట్లో ఆస్పత్రి ఉంది. చిన్నప్పుడు మోకాలు దోక్కుపోతే రాసే టించర్ అయోడిన్, దాని వెనకాల నీళ్ళు చల్లిన బొగ్గుల పొగ, ఇంకా వెనకాల రేవులో ఆరేసిన వలలు. మా ఆయన ఐసు కోసం వచ్చాడు. "ఇది సముద్రం ఒడ్డున కాచింది, స్కాట్లాండ్‌లో ఐలా దీవిది అయ్యుంటుంది. గింజల్ని పీట్ పొగ మీద ఆరబెట్టారు," అన్నాను. అక్కడ చిత్తడి నేలల్లోంచి పీట్ అనే మట్టిగడ్డలు తవ్వి, ఎండబెట్టి, మనం పిడకలు కాల్చినట్టు కాలుస్తారు. ఆ పొగలో ఏముంటుందో నాకు పుస్తకాల్లోంచి తెలుసు, ఆ రోజు ముక్కుకి తెలిసింది. మా ఆయన ఐసు తీసుకుని వెళ్ళిపోయాడు. ఒక నిమిషం తర్వాత హాల్లోంచి ఆయన గొంతు వినిపించింది. "ఇది కచ్చితంగా ఐలా దీవిది బాసూ. పీట్ స్మోక్. సముద్రం ఒడ్డున కాచారు." ఎవరో సీసా తిప్పి చూశారు. ఆ తర్వాత వహ్వాలు, చప్పట్లు.

అబద్ధమెందుకు, ఆ రోజు నాకు సంతోషమే వేసింది. పెనిమిటిని నలుగురూ మెచ్చుకుంటే ఎవరికి చేదు? కానీ అది అలవాటుగా మారింది. ప్రతి ఆదివారం వంటింటి జాలీ తలుపు కిర్రుమనేది, ఒక చేతిలో ఐసు గిన్నె, రెండో చేతిలో గ్లాసు. "తొందరగా చెప్పు, అడుగుతున్నారు." నేను బజ్జీల మంట తగ్గించి, చేతులు కడుక్కుని, గ్లాసులోంచి చెంచాడు తీసి నాలుగు చుక్కలు నీళ్ళు కలిపి చూసేదాన్ని. ఐసు వేస్తే వాసన ముడుచుకుపోతుంది, నీళ్ళ చుక్క పడితే విచ్చుకుంటుంది. ఆ చెంచాడూ నోట్లో తిప్పి సింకులో ఉమ్మేసేదాన్ని, మా ప్యానెల్ పద్ధతి అది. అప్పుడు ఆయన మొహం చూడాలి, కడుపున పుట్టినవాణ్ణి నూతిలో తోసేసినట్టు విలవిల్లాడేవాడు.

చెప్పిందైనా చెప్పినట్టు చెప్పేవాడా అంటే అదీ లేదు. ఒకదాంట్లో నాకు బాగా ముగ్గిన పనస తొన కనిపించింది, తాటిబెల్లం పాకం అడుగంటబోయే ముందు వచ్చే వాసన కనిపించింది. అలా దొరకడానికి ఎంత వెతకాలో ఆయనకేం తెలుసు? హాల్లోకి వెళ్ళి "ఫ్రూటీగా ఉంది" అన్నాడు. ఇంకోదాంట్లో వానకి తడిసిన గడ్డివాము, పచ్చి బాదంపప్పు. ఆయన "స్మూత్" అన్నాడు. సొమ్మొకడిది సోకొకడిది అంటారు. సోకు చేసుకునేవాడు కనీసం సొమ్ముని చక్కగా చూసుకోవాలా వద్దా? నా మాటల్ని గుమ్మం దాటేలోపు పిప్పి చేసి పారేసేవాడు, ఆ పిప్పికే వాళ్ళు "గురువుగారూ" అని దండాలు పెట్టేవారు.

ఒకరోజు అడిగేశాను. "ఒక్కసారైనా, ఇది మా ఆవిడ చెప్పింది అని చెప్పొచ్చుగా?"

"ఏం బాగుంటుంది? ఆఫీసర్ పెళ్ళాం తాగుతుందనుకుంటారు."

"నేను తాగట్లేదు. చూస్తున్నాను."

"చూడ్డానికీ తాగడానికీ తేడా వాళ్ళకి తెలీదు."

"తెలీకపోతే మీరు చెప్పండి. అన్నీ చెప్తున్నారుగా."

"టైమొచ్చినప్పుడు చెప్తాలే," అని టవలు తీసుకుని స్నానానికి వెళ్ళిపోయాడు. నాకు కావలసింది పెద్ద విషయమేం కాదు. ఆ గదిలో, ఆ మనుషుల ముందు, ఆయన నోటితో ఒక్క మాట. అంతకన్నా ఒక్క చుక్క ఎక్కువ కోరలేదు.

ఆ గుంపుకి ఒక పెద్దాయన ఉండేవాడు. మా ఆయన డిపార్ట్‌మెంట్‌లో అందరికన్నా పెద్ద హోదాలో ఉన్న తెలుగాయన. అందరూ ఆయన్ని "సార్" అనేవారు, ఇంట్లో భార్యతో సహా. ఏ గ్లాసైనా ముందు సార్ వాసన చూడాలి, ముందు సార్ చెప్పాలి, ఆ తర్వాత సర్వీసులో ఎవరు ముందు చేరితే వాళ్ళు. సార్ తాన అంటే వీళ్ళు తందాన. అలాంటి సార్ కూడా మా ఆయన్ని మాత్రం "నువ్వు చెప్పవయ్యా" అని చివర్లో అడిగేవాడు. ఆ ఒక్క ప్రశ్నతో మా ఆయన ఒక వారం పాటు నేలమీద నడిచేవాడు కాదు.

సార్ గారి అల్లుడు గుర్గావ్‌లో విదేశాల నుంచి విస్కీ తెప్పించే కంపెనీలో పనిచేసేవాడు. తెలుగువాడే గానీ ఇక్కడే పుట్టి పెరిగాడు. తెలుగులో అడిగితే హిందీలోనో ఇంగ్లీషులోనో జవాబు చెప్పేవాడు. ఒక చలికాలం మొదట్లో సార్ తన బంగళా లాన్‌లో మధ్యాహ్నం భోజనం పెట్టి, అల్లుడి చేత పరీక్ష ఏర్పాటు చేయించాడు. సీసాలకి కాగితాలు చుట్టేసి, ముందు నాలుగు గ్లాసులు. ఏది ఎక్కడిదో చెప్పాలి. గెలిచినవాళ్ళకి ఒక సీసా బహుమానం.

నేను రానన్నాను. రాకపోతే మా ఆయన గతేం కాను? రెండు రోజులు నా చుట్టూ తిరిగాడు. చివరికి, "ఈసారి చెప్తాను. ఇదంతా నాకు నేర్పింది మా ఆవిడేనని సార్ ముందే చెప్తాను. ప్రామిస్," అన్నాడు.

"అందరి ముందూ?"

"అందరి ముందూ."

సరేనని బయల్దేరాను. వాసన లేని పౌడరు కూడా రాసుకోలేదు.

ఆ రోజు ఎండ బావుంది. ఢిల్లీ చలికాలంలో అలాంటి ఎండలో కూర్చోవడం కన్నా సుఖం లేదు. ఆడవాళ్ళు లాన్‌కి ఒక వైపు దుప్పట్లు పరుచుకుని కమలాపళ్ళు ఒలుచుకుంటున్నారు. కమలా తొక్క వాసన ఒకసారి పట్టుకుంటే నా ముక్కు గంటసేపటిదాకా ఇంకెందుకూ పనికిరాదు. అందుకని దూరంగా, గాలి వచ్చే వైపు ఒక వెదురు మోడా లాక్కుని కూర్చున్నాను. ఉద్యోగం చేస్తుంది కదా, గర్వం, అనుకున్నట్టున్నారు. అనుకోనీ.

మగవాళ్ళందరూ బల్ల చుట్టూ, భుజాలు తగిలేలా కూర్చున్నారు. ఆ ఏడు మొదటిసారి కోట్లు బయటికి తీసి తొడుక్కొచ్చారు. ఢిల్లీలో మంచమంటే కింద పెట్టె ఉంటుంది. చలికాలం అయిపోగానే కోట్లూ రజాయిలూ అందులో పడేసి, పురుగు పట్టకుండా గుప్పెడు కలరా ఉండలు చల్లి మూసేస్తారు. మళ్ళీ చలి వచ్చినప్పుడు తీసి, దులిపి, తొడుక్కుని వచ్చేస్తారు. ఆ కలరా ఉండల వాసన తొడుక్కున్నవాడికి రెండు నిమిషాల్లో తెలియకుండా పోతుంది. ఎండకి ఉన్ని వేడెక్కితే ఇంకా పైకి లేస్తుంది.

సార్ మొదటి గ్లాసు వాసన చూశాడు. కళ్ళు మూసుకున్నాడు. "మెడిసినల్. మందుల వాసన. ఐలా," అన్నాడు. అందరూ వాసన చూసి గంగిరెద్దుల్లా తలలూపారు. రెండోది. "ఇదీ ఐలానే." తలలూపారు. మూడోదీ ఐలా. నాలుగోదీ ఐలా. స్కాట్లాండ్ మొత్తం ఆ ఒక్క దీవిలో ఇరుక్కుపోయింది. అల్లుడు మొహం మాడిపోయింది. "పాపా, ఏక్ బార్ ఫిర్ సే దేఖ్ లీజియే," అన్నాడు నెమ్మదిగా, మామగారిని ఇంకోసారి చూడమన్నట్టు. సార్ వినిపించుకోలేదు. "నువ్వు చెప్పవయ్యా," అని మా ఆయన వైపు తిరిగాడు.

మా ఆయన మొబైలు చెవికి పెట్టుకుని, "ఒక్క నిమిషం సార్, ఆఫీసు కాల్," అని, రెండో చేత్తో గ్లాసు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. ఆయన కన్నా ముందు ఆయన కోటు వచ్చింది.

"కోటు తీయండి," అన్నాను.

"ఆ?"

"మీకెవరికీ విస్కీ వాసన రావట్లేదు. మీ కోట్లలో కలరా ఉండల వాసన వస్తోంది. అదే మందుల వాసన అనుకుంటున్నారు."

ఆయన మొహం తెల్లబోయింది. "సార్‌తో అలా ఎలా చెప్పను?"

"మీరు చెప్పక్కర్లేదు. నన్ను పరిచయం చేస్తానన్నారుగా, పదండి," అని లేచి ఆయన కన్నా ముందే నడిచాను.

బల్ల దగ్గరికి చీర కట్టుకున్న మనిషి వచ్చేసరికి ఒకాయన తలెత్తకుండా ఖాళీ పకోడీ ప్లేటు నా చేతికిచ్చాడు. దాన్ని బల్ల మీదే పెట్టి మా ఆయన వైపు చూశాను. అందరూ ఆయన వైపే చూశారు. "మా మిసెస్ సార్. కొంచెం... ఇంట్రెస్టు," అన్నాడు. అంతే. అక్కడికి ఆగిపోయాడు. నాకు ఒళ్ళు మండింది.

"రామ్మా రా, నువ్వూ చూడు," అన్నాడు సార్, పిల్లలకి పప్పుండ పెడుతున్నంత దయగా.

"చూస్తాను సార్. ముందు అందరూ కోట్లు తీసి దూరంగా పెట్టండి," అన్నాను. ఎందుకో కూడా చెప్పాను. అప్పుడు అల్లుడు తన కోటు చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకున్నాడు. "ఆంటీ సహీ కహ్ రహీ హైఁ," అని, నా మాటే నిజమని ఒప్పుకుని, ముందు వాడే కోటు తీశాడు. తర్వాత ఒక్కొక్కరూ తీశారు. సార్ అందరికన్నా ఆఖర్న తీశాడు.

గ్లాసులు గాలి వచ్చే వైపుకి జరుపుకుని, నీళ్ళ చుక్కలు వేసుకుని, నా పని నేను చేశాను. మొదటిదాంట్లో నిమ్మగడ్డి, బార్లీ గంజి. తేలిక మనిషి. స్కాట్లాండ్ దక్షిణాన లోలాండ్ ప్రాంతానిది. రెండోదాంట్లో ఎండు ఖర్జూరం, కిస్మిస్, లవంగం, పాత చెక్క బీరువా. షెర్రీ అనే ద్రాక్ష సారా నింపిన పీపాలో మగ్గింది, స్పేసైడ్‌ది. మూడోది నిజంగానే ఐలా. పొగ, టించర్, ఉప్పుగాలి. ఆ ఒక్కటీ సార్ అదృష్టం. నాలుగోదాంట్లో తేనెపట్టు మైనం, దాని కింద చిటికెడు ఉప్పు. ఉత్తరాన హైలాండ్‌లో సముద్రం దగ్గర కాచింది. ప్రతి గుక్కా నోట్లో తిప్పి గులాబీ పాదులో ఉమ్మేశాను. ఆడవాళ్ళ వైపు నుంచి "అయ్యో రామ" అని వినిపించింది. చెప్పడం మాత్రం నా మాటల్లోనే చెప్పాను. ఖర్జూరాన్ని ఖర్జూరమనే అన్నాను. నా గొంతుతో ఆ మాటలు మొదటిసారి గాల్లోకి వెళ్ళాయి, అది మాత్రం చాలా బావుంది.

అల్లుడు సీసాల మీది కాగితాలు విప్పాడు. నాలుగూ సరిపోయాయి. చప్పట్లు కొట్టారు.

సార్ కుర్చీలోంచి లేచాడు. నా పక్కనుంచి నడుచుకుంటూ వెళ్ళి మా ఆయన భుజం తట్టాడు. "ఏమయ్యా, ఇంట్లో ఆవిడకి కూడా ఎంత బాగా ట్రెయినింగ్ ఇచ్చావయ్యా!" అన్నాడు. బహుమానం సీసా తీసి మా ఆయన చేతిలో పెట్టాడు.

నేను ఆగాను. ఇంతకన్నా మంచి సమయం ఇంకేముంటుంది? మాటకి మాట అందించి పెట్టాడు పెద్దాయన. కాదు సార్, నేర్పింది తను, అంటే చాలు. నాలుగు ముక్కలు. మా ఆయన సీసాని రెండు చేతులతో పట్టుకుని కొంచెం వంగాడు.

"అంతా మీ ఆశీర్వాదం సార్," అన్నాడు.

ఇక నా వల్ల కాలేదు. "ట్రెయినింగ్ ఆయన ఇవ్వలేదండీ," అన్నాను. "ఇన్నాళ్ళూ ఆయన మీకు చెప్పినవన్నీ వంటింట్లో నేను చెప్పి పంపినవే. ప్రతి ఆదివారం. ప్రతి గ్లాసూ."

వాళ్ళు నమ్మబోయారు. ఆ మొహాల్లో అది నాకు కనిపించింది. అప్పుడు మా ఆయన నవ్వాడు. గట్టిగా, అందరికన్నా ముందు. "చూశారా సార్, ఇంట్లో నా పరిస్థితి!" అన్నాడు. బల్ల మొత్తం ఘొల్లుమంది. "అందరిళ్ళల్లో ఇంతేనయ్యా!" అన్నాడు సార్ కళ్ళు తుడుచుకుంటూ. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. నాకు ఏ తోడికోడలూ నవ్వలేదు. మొగుడే నవ్వాడు. చేతిలో ఉన్న గ్లాసు నేలకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు. ఎందుకు కొట్టలేదా అని ఇప్పటికీ మండుతుంది.

తిరిగి వచ్చేటప్పుడు కారులో ఆయనే కదిపాడు. "జోకనుకున్నారు కాబట్టి సరిపోయింది. లేకపోతే నా పరువేమయ్యేది?"

"నా పరువు?"

"నీకేమయింది? అందరూ చప్పట్లు కొట్టారుగా."

నిజంగానే అర్థం కాలేదు ఆయనకి. నటించి ఉంటే బాగుండేది, తిట్టడానికి వీలుండేది.

తర్వాతి ఆదివారం వంతు మా ఇంటిది. బహుమానం సీసా తెరిచి, ఇంకోదాంతో పోల్చి చూద్దామని అందరూ వచ్చారు. ఈసారి కోట్లు వరండాలోనే విప్పించారట, అది కూడా మా ఆయన తెలివే అన్నారు హాల్లో ఎవరో. మూకుట్లో మిరపకాయ బజ్జీలు వేగుతున్నాయి. జాలీ తలుపు కిర్రుమంది. మా ఆయన గ్లాసు చాపాడు.

"ఏంటిది? తొందరగా చెప్పు, సార్ అడుగుతున్నారు."

చేతులు కడుక్కుని గ్లాసు తీసుకున్నాను. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. చాలా మంచిది అది. కాల్చిన జీడిపప్పు, తేనె, ముగ్గిన జామపండు, అడుగున ఎక్కడో చల్లారిన పొయ్యి. ఏ ప్రాంతమో, ఎలాంటి పీపానో, అంతా నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన మొహం నా మొహానికి దగ్గరగా పెట్టి, వినడానికి చెవి వంచాడు.

గ్లాసెత్తి మొత్తం తాగేశాను. ఒక్క చుక్క ఉమ్మలేదు. గొంతులో వెచ్చగా దిగింది. ఖాళీ గ్లాసు ఆయన చేతిలో పెట్టాను.

"బావుందండీ," అన్నాను.

ఆయన గ్లాసులోకి చూశాడు, నా వైపు చూశాడు. హాల్లోంచి సార్ గొంతు వినిపించింది. "ఏమయ్యా, ఏమంటావ్?"

"వెళ్ళండి, పిలుస్తున్నారు," అని బజ్జీలు తిరగేశాను.